పురుగు ముట్టని పెరటికి పక్కా చిట్కాలు

కొత్త ఇల్లు కట్టుకున్నారు, వెనక కాస్త జాగా మిగిలింది. సంతోషం. తోట వేయడానికి ముందు అక్కడ ఉన్నవాటినన్నిటినీ పీకించేయాలి. అరపూట జేసీబీ మాట్లాడితే గోడవార మొలిచిన వేప, ప్రహరీకి పాకిన తిప్పతీగ, గరిక, ఉత్తరేణి, వాకుడు ఒక్క దెబ్బకి పోతాయి. డబ్బు పెట్టి కొననిది మొక్కెలా అవుతుంది? తిప్పతీగ కావాలంటే మందుల షాపులో మాత్రలున్నాయి. గరిక, ఉత్తరేణి, వాకుడు ఎటూ వినాయక చవితి ముందురోజు బజార్లో పత్రి పేరుతో కట్టలుగా వస్తాయి. బేరమాడి మరీ కొనుక్కోవచ్చు.

తర్వాత నర్సరీ. ఓపికుంటే కడియం దాకా వెళ్ళండి. అక్కడ పొగడ, సంపెంగ, నందివర్ధనం ఉన్న వరస వైపు మాత్రం పోకండి. "మా నేలకి ఏది బాగుంటుంది?" అని అసలు అడగొద్దు. నర్సరీ అతను నిజం చెప్పేస్తే మీరు ఇరుకున పడతారు. "ఏది తొందరగా పెరుగుతుంది? ఏది ఆకు రాల్చదు?" ఈ రెండే అడగండి. కొన్నేళ్ళ కిందటి దాకా రెంటికీ ఒకటే జవాబు: కోనోకార్పస్. తెలంగాణలో హరితహారం పుణ్యమా అని రోడ్ల పొడుగునా బారులు తీరింది. పుప్పొడితో జలుబు, ఆయాసం వస్తాయనీ, వేళ్ళు డ్రైనేజీ లైన్లనూ కేబుళ్ళనూ పాడుచేస్తాయనీ గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటొద్దంది. మీరు వెనక్కి తగ్గకండి. పగిలేది పక్కింటివాళ్ళ పైపే కావచ్చు.

ఇంతలో ఎవరో ఒకరు తంగేడు గింజలు తెచ్చి చేతిలో పెడతారు. తెలంగాణ రాష్ట్ర పుష్పం, బతుకమ్మకు ఇంట్లోనే పూలుంటాయి అంటారు. మొహమాటపడి తీసుకోండి గానీ మొలవనివ్వకండి. తంగేడు గింజకు పెచ్చు గట్టిది. తెలిసినవాళ్ళు గరుకు కాగితం మీద కాస్త రుద్ది, రాత్రి నీళ్ళలో నానేసి, తొలకరికి నాటుతారు. మీరు ఎండు గింజను అలాగే తీసుకెళ్ళి కుండీ అడుగున పూడ్చిపెట్టండి. మొండిది కాబట్టి అయినా మొలవచ్చు. కంగారు పడకండి. దానికి కావాల్సింది మండే ఎండ, నీళ్ళు నిలవని నేల. మీరు కుండీని మెట్ల కింద నీడలో పెట్టి, అడుగు కన్నం మూసి, రెండు పూటలా చెంబుడు నీళ్ళు పోయండి. ప్రేమగా పోయండి. వేరు కుళ్ళాక "మన వాతావరణానికి ఈ దేశవాళీ మొక్కలు ఆగవండీ" అని నలుగురిలో చెప్పడానికి మీకు అనుభవం కూడా వచ్చినట్టవుతుంది.

దేశవాళీ మొక్కల మీద ఉపన్యాసమిచ్చే పెద్దనాన్న ప్రతి ఇంట్లోనూ ఉంటారు. ఆయన నోరు మూయించడం తేలిక. మిరప, టమాటా, బొప్పాయి, ఆ మాటకొస్తే గుమ్మానికి కట్టే బంతి, అన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చినవేనని ఆధారాలతో సహా చెప్పండి. ఇది నిజం కాబట్టి ఆయన కాసేపు తగ్గుతారు. ఆ సందులోనే ప్రహరీ పొడుగునా తలంబ్రాల మొక్క నాటేయండి. అదీ అటువైపుదే. బంతి మీరు నాటిన చోటే పూసి ఎండిపోతుంది. తలంబ్రాల మొక్క పండ్లు తిన్న పిట్టలు గింజల్ని ఊరవతలకి మోస్తే అడవుల్లో ఇంకో మొక్కకు చోటు లేకుండా అల్లుకుంటుంది. ఇంత తేడా ఉందని పెద్దనాన్నకు గుర్తొచ్చేలోపు కాఫీ ఇచ్చి పంపేయాలి.

ఇక కరివేపాకు. ఇంట్లో ఆడవాళ్ళు పట్టుబడతారు కాబట్టి ఒక్క చెట్టు తప్పదు, ఇబ్బందంతా దానితోనే. ఓ రోజు లేతాకు మీద పిట్ట రెట్ట లాంటిది కనిపిస్తుంది. చూస్తుండగానే అది కదులుతుంది. అది గొంగళి పురుగు. నాలుగు రోజులాగితే పచ్చగా, లావుగా తయారవుతుంది. వేలితో తాకితే తల వెనక నుంచి రెండు ఎర్రటి కొమ్ములు బయటికి చాచి ఘాటైన వాసన వదులుతుంది. వదిలేస్తే ఓ రెమ్మ ఆకు తిని, గూడు కట్టుకుని, నల్లటి రెక్కల సీతాకోకచిలుకై గాలిలోకి లేస్తుంది. రెమ్మేమో వారం తిరక్కుండా మళ్ళీ చిగురిస్తుంది. పిల్లలు గనక ఇదంతా ఒక్కసారి చూశారంటే ఇక మిమ్మల్ని మందు కొట్టనివ్వరు. అందుకని వాళ్ళు బడికి వెళ్ళాకే ఆ పని కానివ్వాలి. సీతాకోకచిలుక జీవిత చక్రం వాళ్ళ పాఠంలో బొమ్మలతో సహా ఉంటుంది, చార్టు కావాలంటే స్టేషనరీ షాపులో దొరుకుతుంది.

మందు డబ్బా మీద రాసిన మోతాదు పిరికివాళ్ళకి. మీరు రెట్టింపు కలిపి చెట్టంతా తడిసేలా కొట్టండి. సాయంత్రం చారులో పోపుకి అదే చెట్టు ఆకు కోయొచ్చా అని ఇంట్లోవాళ్ళు సందేహిస్తే నిస్సంకోచంగా కోయమనండి. మనం వద్దన్నది పురుగు తినడం.