ఏడెనిమిదులు యాభై ఆరు: టీకా తాత్పర్య సహితం

అవతారిక. మెదక్ ప్రాంతపు కొల్చారం వాడైన మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసి పండితులను గట్టెక్కించాడు. అంతకు ముందే, 11వ శతాబ్దపు కవిగా చెప్పే పావులూరి మల్లన, మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అంటే తెలుగువాళ్ళకు లెక్కల మీద కవిత్వమూ ఉంది, కవిత్వం మీద వ్యాఖ్యానమూ ఉంది. లేనిదల్లా ఎక్కాల మీద వ్యాఖ్యానమే. సాయంత్రమయ్యేసరికి కుక్కర్ కూతల మధ్య ఇంటింటా పారాయణమయ్యే గ్రంథానికి టీక లేకపోవడం పెద్ద లోపం. గ్రంథమంతటికీ రాయాలంటే పత్రిక చాలదు కాబట్టి, ఏడో ఎక్కంలో ఎనిమిదో పాదాన్ని మాత్రం ఇక్కడ స్వీకరించడమైనది. పిల్లలు తడబడే చోట్లలో అదొకటి.

మూలం. ఏడెనిమిదులు యాభై ఆరు.

ప్రతిపదార్థం. ఏడు = ఆరు తరువాతిదగు సంఖ్య; ఎనిమిదులు = ఎనిమిదేసి చొప్పున పోసిన కుప్పలు; యాభై ఆరు = ఐదు పదులును, ఆరు ఒకట్లును; అగును = అధ్యాహారం. ఏడు, ఎనిమిదులు కలిసినచోట ఉత్వసంధి. క్రియను మూలకారుడు మింగేశాడు. హోంవర్కులో సమానం గుర్తు మింగేసిన పిల్లవాడికి మాత్రం ఎర్ర సిరా తప్పదు.

ఇక అర్థవివాదం. మాట ప్రకారం చూస్తే ఇవి ఎనిమిదేసి ఉన్న ఏడు కుప్పలు. కానీ దీనికి ముందు పాదం ‘ఏడేళ్ళు నలభై తొమ్మిది’. అక్కణ్ణించి ఇక్కడికి ఎక్కడానికి పిల్ల కలుపుకునేది ఎనిమిది కాదు, ఏడు. మాటేమో ఎనిమిదుల కుప్పలంటోంది, మెట్టేమో ఏడుదంటోంది. మరి వక్తృహృదయం ఏది? ఈ ప్రశ్న ఏ పిల్లా నోరు విప్పి అడగదు. లోపల మాత్రం ఎక్కడో కలుక్కుమంటుంది. అడగకుండానే బట్టీ పట్టి ఊరుకుంటుంది.

ఈ చిక్కు పండితచర్చతో తీరదు, చింతపిక్కలతో తీరుతుంది. వరసకు ఎనిమిది చొప్పున ఏడు వరసలు నేల మీద పేర్చాలి. ఒక్క పిక్కనూ కదపకుండా పిల్లను మాత్రం లేపి పక్కవైపు కూర్చోబెట్టాలి. అక్కణ్ణించి చూస్తే వరసకు ఏడు చొప్పున ఎనిమిది వరసలు. కాస్త ఎగాదిగా చూసి, అనుమానం తీరక మళ్ళీ మొదటినుంచి లెక్కపెడుతుంది. పెట్టనివ్వాలి. ఇక్కడ ‘అదే కదే, ఎన్నిసార్లు చెప్పాలి’ అని పెద్దవాళ్ళు కలగజేసుకోవడం రసభంగం. రెండు వైపులా యాభై ఆరే వచ్చాక లాభం చాలానే ఉంది. రెండో ఎక్కం నుంచి తొమ్మిదో ఎక్కం దాకా, రెండు రెళ్ళ నుంచి తొమ్మిది తొమ్మిదుల వరకు పాదాలు మొత్తం 64. తిరగేసినా విలువ మారదని కళ్ళారా చూసిన పిల్ల నేర్వాల్సినవి 36 మాత్రమే.

తాత్పర్యం. ఈ పాదం మరిచిపోతే ఎక్కం మొదటికి పోనక్కర్లేదు. పోవడం మాత్రం లోకాచారం. ‘ఏడెనిమిదులెంతరా?’ అని తాతగారు అడగ్గానే మనవడు పెదవులు కదుపుతూ ‘ఏడొకట్ల ఏడు’ దగ్గర మొదలెట్టి, ఏడు మెట్లూ ఎక్కి అప్పుడు చెబుతాడు. పాట వచ్చింది, ఎక్కం రాలేదు. దారి మధ్యలో నిలబడే చోట్లు చూపించాలి. ఏడైదులు ముప్పై ఐదు ఎవరికైనా వస్తుంది. దానికి ఏడు మూళ్ళు ఇరవై ఒకటి కలిపితే సరి. లేదా ఏడును రెట్టించి పద్నాలుగు, దాన్ని రెట్టించి ఇరవై ఎనిమిది, ఇంకోసారి రెట్టిస్తే యాభై ఆరు. చమత్కారప్రియులకు మరొకటి: 56 = 7 × 8 అని రాస్తే ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది వరసగా నిలబడతాయి. ఇది గుర్తుకే గాని అర్థానికి పనికిరాదు.

పూర్వపక్షం: ఫోనులో కాలిక్యులేటరుండగా ఈ పారాయణమెందుకు?

సమాధానం. 392ను ఏడు పెట్టి భాగించే పిల్లవాణ్ణి గమనించాలి. 39లో ఏడు ఎన్నిసార్లు పోతుందో వేళ్ళు మడిచి తేల్చేలోపు, కింద 2 దించాలన్న సంగతి మరిచిపోతాడు. ఏడైదులు, ఏడార్లు తడుముకోకుండా తగిలితే బుర్ర భాగహారం మీదే ఉంటుంది. బట్టీని తిట్టడం ఈమధ్య ఫ్యాషనైపోయింది గాని, తప్పు బట్టీది కాదు. వరసగా తప్ప ఎప్పుడూ అడగకపోవడంలో ఉంది.

అడిగే చోటూ ముఖ్యమే. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో సరుకులమ్మే పిల్లల మీద ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డూఫ్లో తదితరులు చేసిన అధ్యయనం 2025లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. బేరంలో నోటిలెక్క చకచకా కట్టే ఆ పిల్లలు, అలాంటి లెక్కే బడి పద్ధతిలో కాగితం మీదిస్తే తడబడ్డారు. బడి పిల్లలది సరిగ్గా దీనికి విరుద్ధం. కాబట్టి నోటుపుస్తకంలో చేసిన లెక్కను గుడ్ల ట్రే ముందు కూడా అడగాలి: ఐదార్లు ముప్పై. కూరగాయల దగ్గర చిల్లర పిల్ల చేతనే లెక్కపెట్టించాలి. వెనక క్యూలో ఉన్నవాళ్ళు విసుక్కుంటారు, పర్లేదు.

కాలనిర్ణయం. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చేదాకా రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. అందుకే పాతవాళ్ళకు పదహారో ఎక్కం కిరాణాకొట్టు అవసరం. ఇప్పుడా అణాలు లేవు. అయినా మూడో తరగతికే ఇరవయ్యో ఎక్కం అప్పజెప్పమనే బళ్ళున్నాయి. ఆ పట్టుదల ఏడో ఎక్కాన్ని అటూ ఇటూ అడగడంలో చూపిస్తే బావుండేది.

పాఠాంతరం. ఇంగ్లిషు మీడియం ప్రతుల్లో ఈ పాదం ‘సెవెన్ ఎయిట్ జా ఫిఫ్టీ సిక్స్’ అని కనిపిస్తోంది. ఈ ‘జా’ మామూలు నిఘంటువుల్లో దొరకదు. ‘ఎయిట్స్ ఆర్’ అన్నది పిల్లల నోళ్ళలో నలిగి ఇలా స్థిరపడిందని విజ్ఞుల ఊహ. రెండు ప్రతులూ ఒకే ఇంట్లో ఉన్నప్పుడు పారాయణం ఇలా సాగుతుంది. బామ్మ ‘ఏడెనిమిదులెంతే?’ అంటుంది. మనవరాలు దాన్ని లోపల ఇంగ్లిషులోకి తిప్పుకుని, ‘ఫిఫ్టీ సిక్స్’ అంటుంది. బామ్మ కాసేపు ఆలోచించి ‘యాభై ఆరేనా?’ అంటుంది. ‘ఏమో, ఫిఫ్టీ సిక్స్.’ సరే, తిరగేసి అడుగుదామని బామ్మ ‘ఎనిమిదేళ్ళు?’ అంటుంది.

‘కాదు బామ్మా, నాకింకా ఏడేళ్ళే!’