నకలు సాక్ష్యం

పండితుల జాబితాల్లో నాకొక పొడి గుర్తు ఉంది: కుమ్రాన్, ఒకటో గుహ, యెషయా, మొదటి ప్రతి. లోకం మాత్రం నన్ను మహా యెషయా గ్రంథపు చుట్ట అంటుంది. 17 తోలు పలకలను వరసగా దారంతో కుట్టి నన్ను తయారు చేశారు. విప్పి పరిస్తే 7.34 మీటర్లు, ఎత్తు జానెడుకు కాస్త పైన. మీరిప్పుడు 66 అధ్యాయాలుగా చదువుకునే ప్రవచనమంతా నా ఒంటి మీద 54 కాలమ్‌లలో, హీబ్రూలో ఉంది. మృత సముద్రపు గుహల్లో దొరికిన బైబిలు చుట్టల్లో ఒక గ్రంథాన్ని ఇలా మొదటి నుంచి చివరి దాకా దక్కించుకున్నది నేనొక్కదాన్నే.

నన్ను రాసింది ఇంచుమించు క్రీ.పూ. 125లో. యెషయా ప్రవక్త బతికింది అంతకు దాదాపు 600 ఏళ్ల ముందు. అందుకని ముందే చెప్పేస్తున్నాను, నేను మూలాన్ని కాను. నకలుకు పుట్టిన నకలును. నాకు ముందు ఎన్నో చుట్టలు పుట్టి, చేతుల్లో అరిగి, మట్టిలో కలిశాయి.

నన్ను రాసింది ఒకరా, ఇద్దరా అని పండితులు దశాబ్దాల తరబడి వాదించుకున్నారు. 2021లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ విశ్వవిద్యాలయం వాళ్లు నా అక్షరాలను కంప్యూటర్‌తో కొలిచి, 27వ కాలమ్ దాకా ఒక చెయ్యి, ఆ తరవాత మరో చెయ్యి అని తేల్చారు. కంటికి ఆనని తేడా అది. తమ దస్తూరీ గొప్ప చూపించుకోవడం ఆ లేఖకుల పని కాదు. ఎదుట ఉన్న మాటను ఉన్నట్టు దింపడమే వాళ్ల పని.

అలాగని పొరపాట్లు లేవా? ఉన్నాయి. 40వ అధ్యాయంలో గడ్డి ఎండుతుంది, పువ్వు రాలుతుంది, దేవుని మాట మాత్రం నిలుస్తుందని చెప్పే చోటు ఉంది. ఆ గడ్డీ పువ్వూ కాస్త దూరంలోనే రెండుసార్లు వస్తాయి. లేఖకుడి చూపు మొదటి చోటి నుంచి రెండో చోటికి జారి, నడిమి మాటలు తప్పిపోయాయని చాలామంది పండితుల అభిప్రాయం. పాత గ్రీకు అనువాదంలోనూ ఆ భాగం లేదు కాబట్టి వేరేగా చెప్పేవాళ్లూ ఉన్నారు. ఏమైనా, తరవాత మరో చెయ్యి వచ్చి ఆ మాటలను పంక్తుల సందులో మొదలుపెట్టి, ఎడమ అంచు వెంబడి కిందికి దింపి చేర్చింది. దేవుని పేరు రావలసిన చోట అక్షరాలు రాయడానికి జంకి నాలుగు చుక్కలు పెట్టింది. దేవుని మాట చెక్కుచెదరదని చెప్పే చోటే నకలు తడబడింది, అక్కడే ఒక మనిషి కూర్చుని దిద్దాడు. నా ఒంటి మీది మచ్చలన్నింటిలో నేను దాచుకోనిది ఇదే.

యేసు నజరేతు సమాజమందిరంలో లేచి నిలబడి యెషయా గ్రంథం చదివాడని లూకా రాశాడు. ఆయన చేతికి అందించిన చుట్ట నేను కాను. అప్పటికి నేను నూరేళ్లు దాటిన ముసలిదాన్ని. తిప్పి తిప్పి పట్టుకున్న చేతుల వల్ల నా వీపు నల్లబడింది, చిరిగిన చోట కుట్లు పడ్డాయి. క్రీ.శ. 68లో రోమా సైన్యం మృత సముద్రం ఒడ్డుకు వచ్చింది. ఆ గడ్డు కాలంలోనే నన్ను గుహలో దాచారని అంటారు. ఆ పొడి గాలే నన్ను కాపాడింది.

బయటికి వచ్చిన కథ మీలో చాలామందికి తెలిసిందే. 1947 ప్రాంతంలో మేకలు కాచుకునే బెదూయిన్లు నన్ను కనుగొన్నారు. బేత్లెహేములో చెప్పులు కుడుతూ పాత వస్తువుల బేరం కూడా చేసే కాండో దుకాణానికి చేరాను. తోలుకు తగిన చోటే కదా! అక్కణ్నుంచి యెరూషలేములోని సిరియన్ ఆర్థడాక్స్ మఠాధిపతి మార్ శామ్యూల్ నన్నూ నాతోపాటు దొరికిన మరో మూడు చుట్టలనూ కలిపి 24 పౌన్లకు కొన్నారు. 1948లో జాన్ ట్రెవర్ అనే అమెరికన్ నాకు ఫోటోలు తీశాడు. వాటిని చూసిన ఆల్‌బ్రైట్ అనే పండితుడు నా వయసు రెండు వేల ఏళ్లు దాటిందని చెప్పాడు. 1954 జూన్ 1న వాల్ స్ట్రీట్ జర్నల్ చిన్న ప్రకటనల్లో, ఇతర వస్తువుల అమ్మకం అనే శీర్షిక కింద నాకు చోటు దొరికింది. ఇజ్రాయెల్ తరఫున యిగాయెల్ యాదిన్ మా నలుగురినీ రెండున్నర లక్షల డాలర్లకు కొనిపించాడు. 1965 నుంచి యెరూషలేములోని గ్రంథ మందిరం నా ఇల్లు.

నా రాకకు ఇంత సందడి ఎందుకంటే, అప్పటిదాకా పండితుల చేతిలో ఉన్న సంపూర్ణ హీబ్రూ పాత నిబంధన క్రీ.శ. 1008 నాటిది. నేను దానికంటే వెయ్యేళ్లకు పైగా పెద్దదాన్ని. ఈ వెయ్యేళ్లలో లేఖనాన్ని ఎంతగా మార్చేశారో ఇక బయటపడుతుందని కొందరు ఎదురుచూశారు. పక్కపక్కన పెట్టి చూస్తే వేల తేడాలు తేలాయి, నిజమే. కానీ ఎక్కువ భాగం అక్షర క్రమం తేడాలే. అదే ప్రవక్త, అదే వరస, అదే సందేశం. నాతోపాటు ఒకటో గుహలోనే దొరికిన మరో యెషయా చుట్ట శిథిలమైపోయినా, వెయ్యేళ్ల తరవాతి పాఠానికి నాకంటే దగ్గరగా ఉంది. పేరు నాకొచ్చింది, ఎక్కువ నిక్కచ్చిగా నిలిచింది అది.

అర్థం ఉన్న తేడాలూ కొన్ని ఉన్నాయి. 6వ అధ్యాయంలో దూతలు పరిశుద్ధుడని మూడుసార్లు పలుకుతారని మీకు తెలుసు. నాలో రెండుసార్లే ఉంది. 53వ అధ్యాయంలో బాధపడిన సేవకుడు వెలుగు చూస్తాడని నేను చెబుతాను. తరవాతి హీబ్రూ పాఠంలో ఆ వెలుగు లేదు, మీ ఇళ్లలోని పాత తెలుగు బైబిల్లోనూ లేదు. గ్రీకు అనువాదంలో ఉంది, కొన్ని కొత్త అనువాదాలు తీసుకున్నాయి. ఏ తేడా దగ్గర నా మాట వినాలో, ఏ తేడా దగ్గర నన్ను పక్కన పెట్టాలో తూచి చూడాలి. పాతది కాబట్టి ప్రతిచోటా నాదే ఒప్పు అనడం నా మీద అభిమానమే తప్ప పరిశీలన కాదు.

నా చేత లేనిపోని సాక్ష్యాలు చెప్పించేవాళ్లు రెండు వైపులా ఉన్నారు. 39వ అధ్యాయం ముగిసిన కాలమ్‌లోనే చివరి పంక్తిలో 40వది మొదలవుతుంది కాబట్టి గ్రంథమంతా ఒక్క యెషయాయే రాశాడని రుజువైందంటారు ఒకరు. ప్రవక్తకు 600 ఏళ్ల తరవాత పుట్టిన నేను ఆ మాట ఎలా చెప్పను? ఇన్ని తేడాలున్నాయి కాబట్టి బైబిలంతా నమ్మరానిదంటారు మరొకరు. అదీ నేను చెప్పిన మాట కాదు. అన్ని గ్రంథాల సంగతీ నాలాగే ఉందనీ అనను. నాలుగో గుహలో దొరికిన యిర్మీయా తునకల్లో ఒకటి గ్రీకు అనువాదంలోని పొట్టి పాఠంతో కలుస్తుంది.

ప్రతి లేఖనం దైవావేశం వల్ల కలిగిందని తిమోతికి రాసిన రెండో పత్రిక చెబుతుంది. ప్రవక్తలు పరిశుద్ధాత్మ ప్రేరణతో పలికారని పేతురు రెండో పత్రిక అంటుంది. 1978లో షికాగోలో సమావేశమైన ఇవాంజెలికల్ పెద్దలు, దైవావేశం కచ్చితంగా వర్తించేది మూల ప్రతులకేననీ, నకళ్లు మూలానికి ఎంత నమ్మకంగా ఉంటే అంత మేరకు దేవుని వాక్యమేననీ ప్రకటించారు. 1965లో రెండో వాటికన్ మహాసభ, లేఖనానికి దేవుడే కర్త అంటూనే, తమ శక్తియుక్తులతో రాసిన మనుషులనూ నిజమైన కర్తలుగా ఒప్పుకుంది. ఈ వాదాల్లో తీర్పు చెప్పడం నా పని కాదు. నేను చూసిన ఒక సంగతి మాత్రం చెప్పగలను. తొలి క్రైస్తవులు లేఖనం అన్నప్పుడు వాళ్ల ముందున్నది యెషయా స్వహస్తం కాదు, నావంటి నకలే. గాజా దారిలో రథం మీద కూర్చుని యెషయా చదివిన ఐతియొపీయుడి చేతిలోనిదీ నకలే. అపొస్తలుల కార్యాలు అక్కడ ఉదహరించిన పాఠం గ్రీకు అనువాదానిది. అంటే అనువాదానికి నకలు. అయినా అతను నమ్మి బాప్తిస్మం తీసుకుని సంతోషంగా వెళ్లాడు. వాళ్లెవరి విశ్వాసమూ యెషయా మూల ప్రతిని చేత్తో పట్టుకుని పుట్టలేదు. దేవుణ్ని నమ్మినవాళ్లు, పేరు తెలియని లేఖకుల చేతుల్ని కూడా నమ్మవలసి వచ్చింది.

ఇప్పుడు హైదరాబాదు, విజయవాడల నుంచి కూడా జనం యాత్రకు వస్తున్నారు. మందిరం నడుమ గుండ్రటి పెట్టె చుట్టూ పరిచి ఉన్నది నా నకలు. నన్ను వెలుగు సోకకుండా వేరే చోట భద్రపరిచారు. ఇది అసలు కాదని తెలిశాక చిన్నబుచ్చుకునే యాత్రికులకు నేను చెప్పేది ఒకటే: ఆ పెట్టె మీదిది నన్ను మోసం చెయ్యలేదు, నేను నా ముందువాళ్లను మోసం చెయ్యలేదు. ఊపిరి ఊదింది దేవుడేనా అని అడిగితే తోలుకూ సిరాకూ తెలిసే సంగతి కాదు, అది మీ విశ్వాసం తేల్చుకోవాలి. ఆ మాటను చేతి నుంచి చేతికి జాగ్రత్తగా అందించారా అని అడిగితే మాత్రం నన్ను బోనెక్కించండి. తప్పిన మాటలనూ, అంచున దిద్దిన మాటలనూ కలిపి చూపిస్తాను.