నూనె మానేసిన పెద్దమనిషి

నూనె మానేసిన పెద్దమనిషి పుట్టుకతో వచ్చే రకం కాదు. యాభై దాటాక, కొలెస్ట్రాల్ రిపోర్టు చేతికొచ్చిన సాయంత్రం తయారవుతాడు. మర్నాటి నుంచి ఆ ఇంట్లో తాలింపు చప్పుడు వినపడదు. క్యారెట్ పచ్చిగా నములుతాడు. తోటకూర ఉప్పునీళ్లలో ఉడికించుకుంటాడు. ఆవకాయ ముక్కను మంచినీళ్లలో జాడించి మరీ తింటాడు. ఈ చివరి పనిని క్షమించడం కష్టం.

భోజనాల బల్ల మీద నేతిగిన్నె ఉండాల్సిన చోట మాత్రల డబ్బా ఉంటుంది. అందులో ఏ, డి, ఈ, కె విటమిన్లు. పొద్దున్నే పరగడుపున, గ్లాసుడు వేణ్ణీళ్లతో నాలుగూ వేసుకుంటాడు. తిరకాసంతా ఇక్కడే ఉంది. ఈ నాలుగూ కొవ్వులో కరిగేవి. తిన్న కొవ్వును పేగుల్లో పైత్యరసం సన్నటి బొట్లుగా విడగొడితే, వాటిని పట్టుకుని లోపలికి వెళతాయి. కొవ్వే లేకపోతే చాలా భాగం ఒంటికి పట్టదు. క్యారెట్‌లో ఉండి ఒంట్లో ఏ విటమిన్‌గా మారే బీటా కెరోటిన్‌దీ ఇదే వరస. మునగాకు వేపుడులో అమ్మమ్మ పోసిన రెండు చెంచాల నూనె రుచికే కావచ్చు, కలిసొచ్చింది మాత్రం కంటికి. అన్నట్టు, ఆ ఆకుపచ్చ ఈ విటమిన్ గొట్టంలో ఉన్నదీ నూనే. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పరు.

చదువులో లోటు లేదు. ఏ లేకపోతే రేచీకటి, డి లేకపోతే ఎముకల మెత్తదనం అని గడగడా అప్పజెబుతాడు. కె అన్న అక్షరం రక్తం గడ్డకట్టడాన్ని చెప్పే ‘కోయాగ్యులేషన్’ నుంచి వచ్చిందనీ, దాన్ని కనిపెట్టిన హెన్రిక్ డామ్‌కు 1943 నోబెల్ దక్కిందనీ కూడా తెలుసు. డి కోసం రోజూ ఎండలో కూర్చుంటాడు, మూసిన కిటికీ అద్దం వెనకాల. చర్మంలో డి తయారుచేసే కిరణాలు అద్దాన్ని దాటవు.

ఈ రకంతో అసలు ప్రమాదం దానగుణం. డాక్టరు వారానికొకటి రాసిన 60,000 యూనిట్ల డి మాత్రను రోజుకొకటి వేసుకోమని బావమరిదికి సలహా ఇస్తాడు. సి విటమిన్ ఎక్కువైతే మూత్రంలో పోతుంది. ఇవి అలా పోవు, కాలేయంలోనూ కొవ్వులోనూ పేరుకుంటాయి. డి మితిమీరితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాల మీదికి వస్తుంది.

పెళ్లి భోజనాల్లో నియమం కొంచెం సడలుతుంది. ముద్దపప్పులోకి నెయ్యి వచ్చినప్పుడు విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతాడు గానీ, వేళ్లు ఎడంగా ఉంచుతాడు. భోజనమయ్యాక, పొద్దున మరిచిపోయిన మాత్రలు జేబులోంచి తీసి వేసుకుంటాడు. ఆ నెలలో ఒంటికి సరిగ్గా పట్టేవి అవే.