ఇరవై ఎనిమిది నెలలు

నేనొక పాత ల్యాప్‌టాప్‌ని. 2020లో బడులు మూతపడ్డప్పుడు పాప పాఠాల కోసం నన్ను కొన్నారు. పాప ఇంజనీరింగ్‌లో చేరి కొత్తది కొనుక్కుంది. నేను అమ్మకి మిగిలాను.

అమ్మ మహిళా జైల్లో వార్డర్. క్రిమినల్ జస్టిస్‌లో ఆన్‌లైన్ ఎం.ఏ. చదువుతోంది. డ్యూటీ దిగి, వంటా గిన్నెలూ అయ్యాక పదిన్నరకి నన్ను తెరుస్తుంది. స్పేస్ బార్ మీద పసుపు మరక ఆవిడ బొటనవేలిదే, ఎంత తుడిచినా పోలేదు. ఒక్కో రాత్రి కునుకు ఆగక నా మీదే తల వాల్చేస్తుంది. సగం రాసిన అసైన్‌మెంటులో ఒకే అక్షరం పేజీలకు పేజీలు పడిపోతుంది. లేచి, అదంతా చెరిపి, మళ్లీ మొదలుపెడుతుంది. అంత పట్టుదల నేను పాప దగ్గర కూడా చూడలేదు.

మొదటి సెమిస్టర్‌లో హుస్సేనారా ఖాతూన్ కేసు వచ్చింది. నేరం రుజువైతే పడే శిక్ష కన్నా ఎక్కువ కాలం విచారణ ఖైదీలుగానే బీహార్ జైళ్లలో మగ్గినవాళ్ల కోసం న్యాయవాది పుష్పా కపిల హింగోరాణి సుప్రీంకోర్టుకెళ్లారు. సత్వర విచారణ జీవించే హక్కులో భాగమేనని 1979లో కోర్టు తేల్చింది. ఆ పేజీ దగ్గర అమ్మ చాలాసేపు ఆగిపోయింది. 2022 చివరికి కూడా దేశంలోని 5,73,220 మంది ఖైదీల్లో 4,34,302 మంది విచారణ ఖైదీలే. వాళ్లలో కొందరిని అమ్మ రోజూ పొద్దున్నే పేరుపేరునా పిలిచి లెక్క చూసుకుంటుంది.

ఆ తర్వాత భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 479వ సెక్షన్. అంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివారు గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం లోపలే గడిపేస్తే, సొంత బాండు మీద వదిలేయాలి. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకీ, వేరే కేసులు కూడా నడుస్తున్నవారికీ ఇది వర్తించదు. కోర్టుకి రాయాల్సింది జైలు సూపరింటెండెంటే. ఈ చట్టం రాకముందు నమోదైన కేసులకూ ఇది వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది.

అమ్మ నాలో కాలిక్యులేటర్ తెరిచింది. ఏడేళ్లంటే 84 నెలలు. మూడుతో భాగించింది. 28. కాసేపు తెర వైపే చూసి, పాపకి వీడియో కాల్ చేసింది.

"మా బ్యారక్‌లో ఒకామె ఉందే. పనిచేసే ఇంట్లో గొలుసు పోయిందని కేసు, గరిష్ఠ శిక్ష ఏడేళ్లు. బెయిలిచ్చినా జామీను నిలబడేవాళ్లు లేరు. 28 నెలలు నిండి 29వది నడుస్తోంది."

"మరి రేపే మీ మేడమ్‌కి చెప్పమ్మా!"

మర్నాడే చెప్పింది. దరఖాస్తు కోర్టుకి వెళ్లింది. పన్నెండో రోజు రాత్రి అమ్మ పాఠం పెట్టకుండా ముందు పాపనే పిలిచింది. "వెళ్లిపోయిందే. గేటు దగ్గరికి కొడుకొచ్చాడు" అంది. కొంగుతో కళ్లు తుడుచుకుని, అదే కొంగుతో నా తెర కూడా తుడిచింది.

మీవాళ్లెవరైనా విచారణ ఖైదీగా ఉంటే, లోపల గడిచిన నెలలు లెక్కపెట్టండి. లాయరుకి డబ్బు లేకపోతే ఉచిత న్యాయ సహాయం కోసం 15100కి ఫోన్ చేయండి.