ఒక ఆటవెలదిపై ధర్మపత్నీ వ్యాఖ్య

అవతారిక

కరెంటు బిల్లు వెనకాల పద్యం దొరికింది. దస్తూరీ మావారిది. కాలం డిసెంబరు నెలాఖరు, స్థలం పిఠాపురం. ఏడాది పొడుగునా తాను చదివిన చదువుని సింహావలోకనం చేసి, నాలుగు పాదాల్లో తేల్చేసి, బిల్లుని ఫ్రిజ్ మీద పడేసి, కవిగారు ఎరువుల కొట్టుకి వెళ్ళారు. ఆయన నీటిపారుదల శాఖలో గుమాస్తాగా రిటైరైన మనిషి. వ్యాఖ్య రాస్తున్న నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు పండితురాలిగా చేశాను. పద్యం కనబడితే ప్రతిపదార్థం చెప్పకుండా నిద్ర పట్టదు.

మన మల్లినాథసూరి కాళిదాసుకి వ్యాఖ్య రాయబోతూ రెండు మాటలిచ్చాడు: ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను. మొదటిది పాటిస్తాను. రెండోది కాపురం చేసేవాళ్ళ వల్ల అయ్యే పని కాదు.

మూలము

ఆ.వె.
ఏఁడు చివరఁ జూడ నెన్నియో చదివితి
నా నిఘంటు వొకటి యర్ధమయ్యె
సాక్షి మరలఁ జదివి సగమురేయి నగితి
మిగిలినవియుఁ గలవు మితము లేక

ప్రతిపదార్థము

ఏఁడు చివరన్ = సంవత్సరాంతమందు (ఇంగ్లీషు సంవత్సరమని గ్రహించాలి. ఉగాదికి ఈయన చదివేది పంచాంగంలో ఆదాయ వ్యయాలొక్కటే); చూడన్ = వెనుదిరిగి చూడగా (కళ్ళజోడు నేను వెతికి ఇచ్చిన పిమ్మట అని అధ్యాహారం); ఎన్నియో = లెక్కకు అందనన్ని, లేక లెక్క చెప్పడం ఇష్టంలేనన్ని; చదివితిన్ = చదివాను; ఆ నిఘంటువు ఒకటి = ఆ ప్రసిద్ధమైన నిఘంటువు; అర్ధము అయ్యెన్ = సగమైనది; సాక్షి = పానుగంటివారి వ్యాసాలను; మరలన్ చదివి = మళ్ళీ చదివి; సగము రేయి = అర్ధరాత్రి దాకా; నగితిన్ = నవ్వాను; మిగిలినవియున్ = తక్కినవి కూడా; మితము లేక = హద్దూ పద్దూ లేకుండా; కలవు = ఉన్నాయి.

టీక

"నా నిఘంటు వొకటి" అన్నచోట పదవిభాగంలో పేచీ ఉంది. "చదివితిన్ + ఆ నిఘంటువు" అని విడదీయవచ్చు, "చదివితి, నా నిఘంటువు" అనీ విడదీయవచ్చు. ఈ రెండోది కవిహృదయానికి దగ్గర. కానీ ఛందస్సు ఒప్పుకోదు. ఆటవెలది రెండో పాదంలో నాలుగో గణం మొదటి అక్షరానికి యతి చెల్లాలి. అక్కడున్నది "యర్ధ". నకారానికి అది కలవదు, అకారానికి కలుస్తుంది. "నా" అంటే యతిభంగం, "ఆ" అంటే నిర్దుష్టం. పైగా పుస్తకం మా వీధి చివరి మాస్టారిది. అరువు తెచ్చి అటక ఎక్కించారు. శాస్త్రమూ లోకమూ ఇలా ఒకే మాట మీద నిలవడం అరుదు.

ఇక "ఆ" అనే మాటకి ఈ ఊళ్ళో వివరణ అక్కర్లేదు. పిఠాపురంలో "ఆ నిఘంటువు" అంటే సూర్యరాయాంధ్ర నిఘంటువే. ఆంధ్ర సాహిత్య పరిషత్తు 1911లో మద్రాసులో పుట్టింది. జయంతి రామయ్యపంతులుగారు పూనుకున్నారు, మా మహారాజా సూర్యారావు బహద్దరువారు డబ్బు పోశారు, పరిషత్తు పుట్టిన పాతికేళ్ళకి, 1936లో, మొదటి సంపుటం అచ్చయింది. పంతులుగారు 1941లో పోయారు. ఎనిమిది సంపుటాలూ వరసగా నిలబడితే చూసే యోగం ఆయనకి లేకపోయింది. కట్టినవాళ్ళకే అంత కాలం పట్టినదాన్ని ఒక్క ఏడాదిలో సగం చేశానంటున్న కవిని ఏమనాలి?

ఇక్కడే పాఠభేదం వచ్చి పడింది. మూలంలో ధకారానికి వత్తు పక్కన సిరా అలుక్కుపోయి "అర్ధమయ్యె"నో "అర్థమయ్యె"నో తేలడం లేదు. అర్ధమైతే సగం అయిందని, అర్థమైతే బోధపడిందని. మా అమ్మాయి ఫోన్‌లో విని, "నాన్న ఏదైనా సగం చేస్తేనే అర్థమైందంటారు కదమ్మా, రెండూ ఒకటే" అంది. అది ఇంజనీరు, దాని అభిప్రాయం ప్రమాణం కాదు. నేను ప్రత్యక్ష ప్రమాణానికి వెళ్ళాను. అటక దింపి సంపుటం విప్పాను. గుర్తుకి పెట్టిన ఆర్టీసీ టికెట్టు "అటుకులు" దగ్గర ఉంది. మాటకి అర్థం ఇచ్చి, దాని కింద ఏ కావ్యంలో ఏ కవి వాడాడో చూపిస్తారు అందులో. ఆ పుట మీద జీడిపప్పు నూనె మరక కూడా ఉంది. ఆగస్టులో ఒక సాయంత్రం ఈయన ఉన్నట్టుండి అటుకుల ఉప్మా అడగడానికి కారణం ఇప్పుడు తెలిసింది. కాబట్టి మొదటి పాఠం చెల్లదు. రెండో పాఠం కొంతమేరకు చెల్లుతుంది.

అలాగని కవిని పూర్తిగా తీసిపారేయను. నవలని మూడు పూటల్లో ఊదేసినవాడికంటే, ఒక మాట కోసం నిఘంటువు తీసి, ఇంకో మాట దగ్గర చిక్కుకుని, టీ చల్లారబెట్టుకున్నవాడే నా లెక్కలో ఎక్కువ చదివినట్టు. ఒక్క చిక్కు మాత్రం ఉంది. వాడుక భాష కావాలని గిడుగు రామమూర్తి పంతులుగారు పోరుతున్న రోజుల్లో గ్రాంథికం తరఫున నిలబడ్డ పెద్ద ఈ రామయ్యపంతులుగారు. ఆయన పంక్తిలో కవులు వాడిన మాటకే పీట. ఈయన ఇంట్లో వాడే మాటలకి కవిప్రయోగం ఎక్కడ దొరుకుతుంది? "ఈ మాట లేదేమిటే?" అని నన్నడగడం, అది నా తప్పైనట్టు చూడడం ఏడాదంతా జరిగింది.

మూడో పాదం. "మరల" అన్న మాట మీద నాకు గౌరవం. పానుగంటి లక్ష్మీనరసింహారావుగారు మా సంస్థానం ఆశ్రయంలో ఉండి రాసిన మనిషి. ఇంగ్లండులో ఆడిసన్, స్టీలు 1711లో మొదలెట్టిన స్పెక్టేటర్ ఒరవడి మీద సాక్షి సంఘం కట్టి, జంఘాలశాస్త్రి చేత ఉపన్యాసాలిప్పించి, కాలాచార్యుణ్ణి, వాణీదాసుని, బొర్రయ్యసెట్టిని చుట్టూ కూర్చోబెట్టాడు. నేను చదువుకునే రోజుల్లో జంఘాలశాస్త్రి ఎవర్నో తిడుతున్నాడనిపించేది. ఇప్పుడు తీస్తే ప్రతి మూడో పుటలో మా బంధువర్గం కనబడుతోంది. "నగితి" నిజమే. ఈయన నవ్వితే చప్పుడుండదు, భుజాలు కదులుతాయి, దాంతోపాటు దోమతెర కదులుతుంది. "సగమురేయి" మాత్రం అతిశయోక్తి. పది దాటేసరికి పుస్తకం బోర్లా గుండెమీద పడింది. తీసి పక్కన పెట్టబోయి నేను మొదలెట్టాను. తక్కిన సగమురేయి వ్యాఖ్యాత్రిది. మూలంలో ఆ సంగతి లేదు. (ముందు పాదంలో "అర్ధ", ఈ పాదంలో "సగము" వాడడం పునరుక్తి దోషమని కొందరంటారు. కవి స్వభావాన్ని ఎరిగినవారు అనరు.)

నాలుగో పాదం. "మిగిలినవియు" అన్నప్పుడు కవి ఉద్దేశించినవి పుస్తకాలు. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు 1897లో పుట్టిన చంద్రంపాలెం మాకు దగ్గరే కనుక ఆయన కృష్ణపక్షం దిండు కింద ఉంటుంది. ఆవంత్స సోమసుందర్ ఈ ఊళ్ళో బతికి 2016లో పోయిన కవి కనుక వజ్రాయుధం బీరువాలో ఉంటుంది. ఊరివాళ్ళ పుస్తకం ఇంట్లో ఉంటే చదివినట్టే అని ఈయన సంప్రదాయం. విజయవాడ పుస్తకాల పండగలో కొన్నవి కూడా ఈ న్యాయం కిందికే వస్తాయి. వాటికింకా రబ్బరుబ్యాండు తీయలేదు.

నిజానికి ఈయన మితం లేక చదివినవి వేరు. బీపీ మాత్రల అట్ట వెనక చీమతలకాయంత అక్షరాలు. పురుగుమందు డబ్బా మీద జాగ్రత్తలు. సామర్లకోటలో ఆగే రైళ్ళ వేళలు, ఆ రైలు మేం ఎక్కేది లేకపోయినా. పాదగయ దగ్గర గోడల మీద దాతల పేర్లు, ఎంతిచ్చారో సహా. ఇవన్నీ పైకి చదివి నాకు వినిపించినవే. చదువు కాదంటే నేను ఒప్పుకోను. పద్యంలో ఎక్కించడానికి ఈయన ఒప్పుకోరు.

ఫోన్‌లో చదివినవి ప్రక్షిప్తాలు. వాటికి వ్యాఖ్య లేదు.

తాత్పర్యము

పిఠాపురవాసియగు నొక గృహస్థు సంవత్సరాంతమందు తన పఠనమును దలఁచుకొని, నిఘంటువున నటుకుల వఱకును, సాక్షిలో నిద్ర వఱకును, తక్కినవానిలో నట్ట వఱకును బోయితినని సంతసించెనని భావము.

గద్య

ఇది శ్రీమత్కుక్కుటేశ్వర పురుహూతికా కరుణాకటాక్ష లబ్ధ పింఛను విరాజిత, చలువరాతి గట్టుపై గాఫీ పెట్టుచు రచించిన వ్యాఖ్యయందుఁ బ్రథమాశ్వాసము. రెండవ సంపుటము నడుగుటకు మాస్టారింటికి నెవరు పోవలయునన్నది యింకను దేలలేదు.