దెయ్యమనుము: సటీకాతాత్పర్యం

అవతారిక

ఈ పద్యం నంద్యాలలో ఒక ఇంటి ఫ్రిజ్జు తలుపు మీద, మామిడిపండు బొమ్మ అయస్కాంతం కింద దొరికింది. కర్త పేరు లేదు. ఆ ఇంటావిడే అని మా ఊహ, అయినా వ్యాఖ్యల అలవాటు చొప్పున ‘కవి అన్నాడు’ అనే అంటాం. కాగితం వెనకవైపు అక్టోబరు పాల లెక్క ఉంది కాబట్టి కాలనిర్ణయానికి శాసనాలు వెతకనక్కర్లేదు. రెండో ప్రతి ఆళ్లగడ్డలో ఆవిడ వదినె ఇంట్లో ఉంది. దాని మీద నూనె మరకలు, ఒక మూల ఎండిన పెరుగు. పరిష్కర్తలు శుభ్రమైన ప్రతినే ఆదరిస్తారు గానీ, వంట గ్రంథాల విషయంలో మురికి ప్రతే ప్రమాణం. దాన్ని ఎదురుగా పెట్టుకుని ఎవరో నిజంగా వండారన్నమాట.

సందర్భం చిన్నదే. అమెరికాలో ఉన్న పెద్దనాయన పిల్లలు వీడియో కాల్‌లో మంత్రగత్తె టోపీలు పెట్టుకుని, దెయ్యం బొమ్మల కేకులు కొరుకుతూ కనిపించారు. ఫోను పెట్టేసరికి నంద్యాల పిల్లకు కూడా అవే కావాలి. అక్టోబరు 31 హాలోవీన్. మన దగ్గర ఆ తేదీ ఒక్కో ఏడు ఒక్కో తిథిలో పడుతుంది. 2024లో సరిగ్గా దీపావళి నాడే వచ్చింది. ఆ రాత్రి లక్ష్మీబాంబుల నడుమ ఏ దెయ్యమూ మన వీధుల్లో కాలు పెట్టి ఉండదు.

కొలచల మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు రాసిన వ్యాఖ్యకు ‘సంజీవని’ అని పేరు పెట్టుకున్నాడు. చెడ్డ వ్యాఖ్యల విషం తలకెక్కి మూర్ఛపోయిన కవివాక్కును లేపడం దాని పని అన్నాడు. ఆయన మనవాడే అన్న ధైర్యంతో ఈ వ్యాఖ్యకు ‘దెయ్యసంజీవని’ అని పేరు పెడుతున్నాం. పోయినవాళ్లు లేచిరావడమే ఇక్కడ విషయం కాబట్టి, ఆ పేరు ఆయనకంటే మాకే బాగా అతుకుతుంది.

మూలం (తేటగీతి)

కప్పు మైదాను జల్లించి కలిపి పెరుగు
పొంగు సోడాను చిటికెడు పొదిగి పిదప
కాగితపు దొన్నెలందుంచి కాల్చి తీసి
తెల్ల వెన్నను పైజుట్టి దెయ్యమనుము

ప్రతిపదార్థం

కప్పు = కొలత కప్పుతో, 240 మిల్లీలీటర్లు పట్టేదానితో (షోకేసులోని పెళ్లినాటి పింగాణీ కప్పుతో కాదు); మైదాను = మైదాపిండిని; జల్లించి = పురుగులు లేకున్నా జల్లెడ పట్టి; పెరుగు = నిన్నటి పెరుగును, కొంచెం పులిసినదానిని; కలిపి = తాకీ తాకనట్టు కలిపి; పొంగు = పొంగునట్టి; సోడాను = తినే సోడాను; చిటికెడు = అర టీస్పూను (ఛందస్సు కోసం కవి తగ్గించాడు); పొదిగి = పొదిగి (దీని సంగతి విశేషాలలో); పిదప = వెంటనే, సీరియల్ అయిపోయాక కాదు; కాగితపు దొన్నెలందు = కాగితపు కప్పులలో; ఉంచి = మూడింట రెండు వంతులే నింపి; కాల్చి = 180 డిగ్రీల వేడిలో ఇరవై నిమిషాల దాకా ఉంచి; తీసి = పుల్ల గుచ్చితే పిండి అంటకుండా వచ్చాక బయటకు తీసి; తెల్ల వెన్నను = పంచదార పొడి వేసి గిలక్కొట్టిన వెన్నను; పైజుట్టి = పైన చుట్లు చుట్లుగా పేర్చి; దెయ్యము = దెయ్యము; అనుము = అని చెప్పుము.

విశేషాలు

మొదట పూర్వపక్షం. పద్యంలో చక్కెర ఎక్కడ? నాలుగు పాదాలు భూతద్దంతో వెతికినా లేదు. నూనె కూడా లేదు. ఇది కవి మరపు అని కొందరు, కవికి షుగరు ఉంది అని మరికొందరు. రెండూ నిలవవు. తీపి వంట చెప్పేటప్పుడు మన ఆడవాళ్లు చక్కెర పేరెత్తరు. ‘రవ్వ వేయించి నీళ్లు పోసి దించేయడమే’ అని కేసరి చెప్పే ఇళ్లు నంద్యాలలో ఎన్ని లేవు! కనుక ముప్పావు కప్పు చక్కెర, పావు కప్పు నూనె అధ్యాహార్యాలు, అంటే చెప్పకపోయినా తెచ్చుకుని వేసుకోవలసినవి. వ్యాఖ్యాత లేకుండా నేరుగా మూలం చదివి వండేవాళ్లకు తగిన శాస్తి జరుగుతుంది.

‘కలిపి’ అన్న ఒక్క మాటలో ఎంత దాచాడో చూడండి. మైదాకు తడి తగిలి చెయ్యి ఆడిందంటే అందులోని మాంసకృత్తులు ముడిపడి గ్లూటెన్ అనే సాగే జిగురవుతాయి. పరోటాకు అదే కావాలి, అందుకే మాస్టరు పిండిని బండకేసి కొడతాడు. కేకుకు అదే శత్రువు. కవి ‘పిసికి’ అనలేదు, ‘గిలక్కొట్టి’ అనలేదు.

ఇక ‘పొదిగి’. వ్యాకరణం దృష్టిలో ఇక్కడ ‘కలిపి’, ‘వేసి’ ఏదైనా సరిపోయేది, కాకపోతే యతి చెడేది. కవి కోడి పనిని సోడాకు అంటగట్టడంలో కారణముంది. అక్టోబరు 31 కొన్నేళ్లలో కార్తీకంలో పడుతుంది. ఆ నెల గుడ్డు ఇంటికి రాని కుటుంబాలు ఈ ఊళ్లో బోలెడు. గుడ్డు లేదు, అయినా కేకు పొంగాలి. పెరుగులోని పులుపు సోడాను తాకగానే బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. పిండిలో ఆ బుడగలే గుడ్డు చేసే పని కొంత చేస్తాయి. ‘పిదప’కు ‘వెంటనే’ అని అర్థం చెప్పింది అందుకే. బుడగలు ఎవరి కోసమూ ఆగవు. ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందుల వ్యాపారి 1843లో బేకింగ్ పౌడరు తయారు చేసింది కూడా ఇలాంటి ఇంటి చిక్కు వల్లే: భార్యకు ఈస్టు పడదు. గుడ్డూ పడకపోతే, గుడ్డు లేని కస్టర్డు పొడిని అంతకు ముందే చేసిపెట్టాడు. భార్యకు కార్తీకం పన్నెండు నెలలూ ఉన్న మనిషి ఆయన.

‘కప్పు’ మీద ఇంకొంచెం. అమీలియా సిమన్స్ 1796లో అచ్చేసిన అమెరికా వంట పుస్తకంలో చిన్న కప్పుల్లో కాల్చే కేకు ఉంది. 1828లో ఎలైజా లెస్లీ పుస్తకంలో ‘కప్ కేక్’ అన్న పేరే కనిపిస్తుంది. పాత్రను బట్టి ఆ పేరా, కొలతను బట్టా అన్నది అక్కడి పండితులు తేల్చుకోవలసింది. మన కవి తెలివిగా కొలతకు కప్పునీ, పాత్రకు దొన్నెనీ పంచి వివాదం లేకుండా చేశాడు. దుకాణంలో మాత్రం దొన్నెలని అడక్కండి, ప్రసాదం దొన్నెలిస్తారు. ‘కప్‌కేకు పేపర్లు’ అనాలి.

పాఠభేదాలు

‘కాల్చి’ దగ్గర రెండు సంప్రదాయాలు చీలిపోయాయి.

నంద్యాల సంప్రదాయం కరెంటు ఓవెన్‌ది. పది నిమిషాలు ముందుగా వేడెక్కించడం, గాజు తలుపు ముందు పీట వేసుకుని కూర్చోవడం, మధ్యలో తలుపు తీయడానికి పిల్లలు చేసే కుట్రలను భగ్నం చేయడం అందులో భాగాలు. ఆళ్లగడ్డ సంప్రదాయం కుక్కరుది. రబ్బరు తీసేయాలి, విజిలు తీసేయాలి, నీళ్లు చుక్క ఉండకూడదు. అడుగున రెండు వేళ్ల మందం ఇసుక గానీ రాళ్లుప్పు గానీ పరిచి, పైన చిన్న స్టాండు, దాని మీద దొన్నెలు పేర్చిన గిన్నె. ఇసుక వేడిని పట్టి మెల్లగా వదులుతుంది కాబట్టి అడుగు మాడదు. మా పక్షపాతం చెప్పేస్తాం: పైభాగం రంగు తేలడంలో ఓవెన్‌దే గెలుపు, కరెంటు పోయిన సాయంత్రం మాత్రం గెలుపు ఆళ్లగడ్డదే.

ఆళ్లగడ్డ ప్రతిలో నాలుగో పాదం పక్కన ఇంకో చేతిరాతతో ‘కండ్లు కడాన’ అని ఉంది. ఆ ఊరి పేరు చెబితే దేశమంతా గుర్తొచ్చేది రాతి శిల్పులు. గుళ్లకు దేవతామూర్తులు చెక్కే ఊరది. విగ్రహం పని అంతా అయ్యాక, చిట్టచివర కళ్లు తెరిపించడాన్ని నేత్రోన్మీలనం అంటారు. ఉలి చప్పుడు మధ్య పెరిగిన ఆవిడకు వెన్న దెయ్యం విషయంలోనూ అదే క్రమం తోచింది. పాకశాస్త్రం కూడా ఆమె పక్షమే. రంగు పూత ఉన్న జెమ్స్ బిళ్లలను ముందే గుచ్చితే తడికి రంగు కారి దెయ్యం నీలి కన్నీళ్లు పెట్టుకుంటుంది. పిల్ల ఆగలేక అడుగుతుంది: ‘అవ్వా, ఇప్పుడు పెట్టనా?’ ‘ఉండు పాపా, అందరూ రానీ.’ పళ్లెం హాలులోకి వచ్చేముందు పిల్లచేత కళ్లు పెట్టించాలి. చాక్లెట్ చిప్స్ దొరికితే మిరియాలంత నల్లవి చాలు, ఎడం ఎక్కువ పెడితే అమాయకపు దెయ్యం, దగ్గరగా పెడితే లెక్కల మాస్టారు.

‘పైజుట్టి’కి ‘పైబెట్టి’ అని పాఠాంతరం ఉంది. అది తప్పు. గరిటెతో పెడితే ముద్ద వస్తుందే కానీ దెయ్యం రాదు. అడుగున వెడల్పు చుట్టు, దాని మీద చిన్నది, ఆ పైన మొన తేలేలా లాగి వదలాలి. దీనికి తరగతులకు పోనక్కర్లేదు. పెళ్లిళ్లలో మెహందీ కోను పట్టిన చేతికి వెన్న కోను కొత్త కాదు. పట్టూ అదే, నొక్కుడూ అదే. కోను లేనివాళ్లు కడిగి ఆరబెట్టిన పాల ప్యాకెట్టు మూల కత్తిరించుకుంటారు.

అసలు చిక్కు వెన్నలోనే ఉంది. సీమ అక్టోబరు పగలు ముప్పై డిగ్రీలు దాటుతుంది. వెన్న ముప్పై దాటితే నడుము వాలుస్తుంది, ఇంకో నాలుగైదు ఎక్కితే చాలు, నూనెగా కారుతుంది. మధ్యాహ్నం చుట్టిన దెయ్యాలు సాయంత్రానికి భూతాలవుతాయి, భూతకాలం అనే అర్థంలో. పొద్దు గూకాక చుట్టడం, చుట్టగానే ఫ్రిజ్జులో పెట్టడం ఒక్కటే పరిహారం. సగం డాల్డా కలిపితే నిలబడతాయి కానీ తిన్నాక నాలుక మీద పొర నిలబడుతుంది. బేకరీల వాళ్లు పాలతో పని లేని విప్పింగ్ క్రీము వాడేది ఈ ఎండకు భయపడే. అది నిలుస్తుంది, రుచి మాత్రం దానికి దైవాధీనం.

అలంకారం

అలంకారాలంటే రెండు రకాలు, కేకు మీదవీ పద్యంలోవీ. కేకు మీదవి: సాలెగూడుకు పీచుమిఠాయి (వడ్డించే క్షణంలోనే వేయాలి, తేమకు ముద్దయిపోతుంది), కోరలకు జీడిపప్పు బద్దలు, గోళ్లకు బాదం, సాలెపురుగుకు కాలాజామూన్, దాని కాళ్లకు కారప్పూస. ఈ చివరిది ఆళ్లగడ్డ కల్పన. తీపి మీద కారం పొసగదన్న నంద్యాల ఆక్షేపణను పిల్లలు తినేసి కొట్టేశారు.

కోరలూ గోళ్లూ చూపి ఆ పిల్లలను జడిపించడం మాత్రం కుదరదు. ఆళ్లగడ్డ దగ్గరే అహోబిలం. పగలూ రాత్రీ కాని వేళ, ఇంటా బయటా కాని గడప మీద, ఆయుధం కాని గోళ్లతో హిరణ్యకశిపుని చీల్చిన కథను వాళ్లు స్తంభం చూసి మరీ విన్నారు. బాదం గోరు వాళ్లకేం లెక్క?

గుమ్మడికాయ ముఖం సంగతీ అంతే. ఐర్లండులో మొదట టర్నిప్ దుంపలకు కళ్లూ నోరూ తొలిచి లోపల దీపం పెట్టేవారు, వలస పోయినవాళ్లకు అమెరికాలో గుమ్మడి దొరికింది. మన గడపల మీద బూడిద గుమ్మడికి మీసాలూ మిడిగుడ్లూ గీసి వేలాడదీస్తూనే ఉన్నాం. దసరాకు లారీషెడ్ల ముందు కుంకుమ నింపి పగలగొట్టిన గుమ్మడికాయలు చూస్తే ఏ అమెరికా పిల్లైనా హాలోవీన్ ముందే వచ్చిందనుకుంటుంది. తేడా ఒకటే, వాళ్ల ముఖం ఇంటికి పిలుస్తుంది, మనది దిష్టిని తరుముతుంది.

పద్యంలోని అలంకారం భ్రాంతిమంతమని ఒకరు వాదించారు, వెన్నను చూసి దెయ్యమని భ్రమ గనుక. కాదు. ‘అనుము’ అన్నాడు కవి. భ్రమపడేవాడికి ‘అను’ అని చెప్పాల్సిన పనేముంది? పిల్లకు అది వెన్నని తెలుసు, గిన్నె నాకింది కూడా. తెలిసి ఆరోపిస్తే రూపకం.

రసం

దుకాణాల్లో హాలోవీన్ సరుకులో ఎక్కువ నలుపే. కవి మాత్రం ‘తెల్ల’ అని నాలుగో పాదం మొదట పెట్టాడు. తెలుపు ప్రేతవస్త్రం రంగు కాబట్టి ఇది భయానకమే అని పూర్వపక్షం. పాశ్చాత్యుల దుప్పటి దెయ్యం నిజంగా శవం మీది గుడ్డ నుంచి వచ్చిందే, ఆ వాదంలో కొంత బలముంది.

కానీ శాస్త్రం చూడాలి. భరతుడు నాట్యశాస్త్రంలో ఒక్కో రసానికి ఒక రంగూ ఒక అధిదేవతా చెప్పాడు. భయానకానికి నలుపు, కాలుడు. బీభత్సానికి నీలం, మహాకాలుడు. తెలుపు హాస్యానిది. హాస్యానికి అధిదేవతలెవరు? ప్రమథులు! శివుని వెంట తిరిగే భూతగణాలను, భయానికి కాదు, నవ్వుకు దేవతలను చేశాడు భరతుడు. తెల్లని దెయ్యం నవ్వు పుట్టించాలని ఆయన శాసనం. నవనందుల నంద్యాలలో, మహానంది కోనేట్లో మునిగి పెరిగిన పిల్లలకు ఆ గణాలు పరాయివాళ్లు కారు; గుడి గోడల మీద పొట్టలేసుకుని కనబడేవాళ్లే. అనుభావాలు కూడా చూడండి. భయంలో ఒళ్లు వణకాలి, నోరెండాలి. ఇక్కడ నోరూరుతోంది.

నిజంగా పోయినవాళ్లను తలుచుకునే రోజు వేరే ఉంది, హాలోవీన్‌కు బంధువే. నవంబరు 1 సకల పునీతుల పండుగ, దాని ముందు రాత్రే ఈ పండగ. నవంబరు 2న మన క్రైస్తవ కుటుంబాలు సమాధులు కడిగి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాయి. ఆ రోజుకు కేకు మీద కళ్లు గుచ్చడం ఎవరికీ తోచదు, తోచకూడదు కూడా. కవి దాని జోలికి పోకుండా 31తోనే ఆగాడు.

తాత్పర్యం

కప్పు మైదా జల్లించి, పెరుగు కలిపి, తినే సోడా వేసి, ఆలస్యం చేయకుండా కాగితపు కప్పుల్లో పోసి, కాల్చి, చల్లారాక పైన తీపి వెన్న చుట్టి, దానిని దెయ్యమని పిలువుము అని భావము. ‘చల్లారాక’ కూడా మూలంలో లేదు.

ప్రక్షిప్తం

ఆళ్లగడ్డ ప్రతి అడుగున పెన్సిలుతో ఒక వచనం ఉంది: ‘వెన్న యెక్కువాయ. ఈ తూరి లోపల ఓళిగ పూర్ణం పెట్టి చూడాల.’ నంద్యాల ప్రతిలో ఇది లేదు. శైలి వేరు, ఛందస్సు లేదు, మూలకర్తది కాదని ఖాయం. కనుక పరిష్కరణలో కొట్టివేయవలసిందే. పూర్ణం మాత్రం ఆదివారం ఉడకబెడుతున్నారట, బెల్లం రెండు పాళ్లు.