నా మడమకు కొత్త రబ్బరు

నేను పన్నెండు బోరు జంటగొట్టాల తుపాకీని. నల్గొండ జిల్లా దేవరకొండలో ఒక బ్యాంకు గుమ్మం పక్కన పొద్దంతా నిలబడటం నా కొలువు. పట్టాళంలో హవల్దారుగా చేసి రిటైరైన మా సాబ్ పేరు మీద నా లైసెన్సు ఉంది.

మా జాతికి నల్గొండలో మంచి పేరేమీ లేదు. 1946 జూలై 4న కడవెండిలో దొరను ఎదిరించిన దొడ్డి కొమరయ్యను బలిగొన్నవి విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకులే. జనగామ తాలూకా అప్పట్లో ఈ జిల్లాలోదే. 1951 అక్టోబరులో తెలంగాణ సాయుధ పోరాటం ఆగేదాకా మావాళ్లు గడీల నుంచి దళాలకు, దళాల నుంచి పోలీసులకు చేతులు మారుతూనే ఉన్నారు. పింఛను కోసం వచ్చే ముసలివాళ్లు కొందరు ఇప్పటికీ నాకు కాస్త ఎడంగానే నడుస్తారు.

నా బరువు మూడు కిలోల పైమాటే. తూటాలోని సీసపు గుండ్లు ముప్పై గ్రాములకు అటూ ఇటూ ఉంటాయి. అవి ముందుకు దూసుకుపోతే నేను వెనక్కి తంతాను. మడమకున్న రబ్బరు ఆ తన్నును మాయం చేయదు. బంతి పట్టేవాడు చేతులు వెనక్కి లాగినట్టు, దెబ్బను కాస్త సాగదీసి భుజమంతా పంచుతుంది. నిజం చెప్పాలంటే నా మడమ భుజానికి ఆనింది తక్కువ, బ్యాంకు గ్రానైటు మీద ఆనింది ఎక్కువ. అందుకే రబ్బరు ఒక మూల అరిగింది. పైగా ఎండకీ నూనెకీ జిగురు తేలి ఖాకీ చొక్కాలకు నల్లమరకలు అంటించింది. ఉతికే ఇంటామె ఊరుకుంటుందా!

శనివారం సాయంత్రం సాబ్ నన్ను విరిచి, రెండు గొట్టాలూ ఖాళీయేనని వెలుతురుకు పెట్టి చూశాడు. తూటాలు బీరువాలోనే ఉన్నాయి, తాళం ఆయన మొలతాడుకు ఉంది. రబ్బరు లోపల దాగిన స్క్రూలను సబ్బు రాసిన స్క్రూడ్రైవరుతో తడిమి విప్పాడు. కొత్తదాని బెజ్జాలు పాతవాటికి కలవలేదు. పాత బెజ్జాల్లో వెదురు పుల్లలు ఫెవికాల్‌తో దిగ్గొట్టి రాత్రంతా ఆరనిచ్చాడు.

కొత్త రబ్బరు మందం. బిగిస్తే నా పొడవు అర అంగుళం పెరుగుతుంది.

"కర్ర కోస్తవా తాతా?" అంది మనుమరాలు.

"కోస్తే మళ్ల అతకది బిడ్డా," అని నన్ను భుజానికెత్తి చెంప ఆనించి చూసుకున్నాడు. చేతులు పొడుగు, సరిపోయింది. అనుమతి లేకుండా గొట్టం పొట్టి చేయడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. కర్ర సంగతి మాత్రం యజమాని చెయ్యి పొడుగును బట్టే.

తర్వాత కొత్త బెజ్జాలు తొలిచి, స్క్రూలకు సబ్బు రాసి బిగించాడు. నా కర్ర అంచుకు టేపు చుట్టి, పొడుచుకొచ్చిన రబ్బరును చెక్కముక్కకు చుట్టిన గరుకు కాగితంతో రుద్దడం మొదలుపెట్టాడు. ఇక్కడే ఓపిక తెలిసేది. టేపు పైపొర చిరగబోతుందనగా చెయ్యి ఆపాలి. ఇంకో రెండు రుద్దుళ్లు పడితే నా పాలిష్ పోతుంది. నల్లపొడి వాకిలంతా పరుచుకుంది. ఇల్లంతా చెప్పుల దుకాణం వాసన.

సోమవారం బ్యాంకులో క్యాషియరు, "కొత్త గన్నా సాబ్?" అని అడిగాడు.

"కాదు సార్, రబ్బరేసిన."

అంత కష్టపడి వేసినదాన్ని గ్రానైటు మీద పెట్టడానికి ఆయనకు మనసొప్పలేదు. నా మడమను బూటు మొన మీద ఆనించుకుని నిలబడ్డాడు. మధ్యాహ్నానికల్లా కాలు మార్చాడు.